చిన్నయసూరి చెప్పని సరళాదేశం



ఈ టపా ఒక తగవును గురించి. ఆ తగవు బేస్ గిటారును గురించి. జీవితమంతా బడిపిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పి, ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్న తెలుగు పండితుడికి బేస్ గిటారుతో పనేమిటని మీరు అడుగవచ్చును. పని ఉన్నది. ఈ తగవులో నష్టపోతున్నది వాద్యం కాదు, గాయకుడూ కాదు, తెలుగు మాట.

సంగతి మొదటినుండి చెబుతాను. గత క్రిస్మసు ముందటి రాత్రి బంటుమిల్లికి దాపుననే ఉన్న ఒక పల్లె చర్చిలో కీర్తనలు పాడుతున్నారు. అక్కడ బేస్ గిటారు వాయించేవాడు నా పాత శిష్యుడు. "మాస్టారూ, మీరు తప్పకుండా రావాలండీ" అని పిలిచాడు, వెళ్ళాను. పురుషోత్తమ చౌదరి (1803–1890) మొదలైనవారి కీర్తనలను నేను సాహిత్యంగానే చదివినవాడిని. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో కీర్తన నెత్తిన రాగం పేరు, తాళం పేరు అచ్చువేసి ఉంటాయి. ఆ మాటల కోసమే చెవి ఒగ్గి వెనుక వరుసలో కూర్చున్నాను.

వినబడినది ఇది. "పాపము" "బాబము" అయినది. "కరుణ" "గరుణ" అయినది. "తండ్రి" "దండ్రి" అయినాడు. "కాలము" కాస్తా "గాలము" అయినది. చేపల చెరువుల నడుమ బతికే ఊళ్ళో గాలమనే మాటకు అర్థం ఉన్నది గనుక, నా పక్కన కూర్చున్న ముసలాయన నా చెవిలో అడిగాడు: "ఈ పాటలో గాలం ఎందుకొచ్చిందండీ మాస్టారూ?" నేను జవాబు చెప్పేలోగా ఆయనే సర్దుకున్నాడు: "పేతురు చేపలు పట్టేవాడు కదండీ, అందుకేమో."

నవ్వు వచ్చినది. ఇంటికి వచ్చిన తరువాత నవ్వు పోయినది. ఆ ముసలాయన చదువురానివాడు. కీర్తన ఆయనకు చెవి ద్వారా తప్ప మరోదారిన చేరదు. ఆ ఒక్కదారినీ మనం మూసివేశాము.

కొత్త సంవత్సరం వచ్చిన వారానికి శిష్యుడు మా ఇంటికి వచ్చాడు. సంఘపెద్దలు గిటారు మానిపించాలని నిశ్చయించారట. "పాట చెడగొడుతున్నదని అంటున్నారండీ. ఇక్కడ ఆ మాట పుడితే గుడివాడలోనూ, పెడనలోనూ పాకుతుందండీ. పెళ్ళిళ్ళ రోజుల్లో ఆర్కెస్ట్రాకు పిలిచేవాళ్ళు కూడా మానేస్తారు" అన్నాడు. దానికి వాడు కనుగొన్న నివారణ ఏమిటంటే, వడ్డీకి అప్పు తెచ్చి ఇరవైవేల పైచిలుకు ధర ఉన్న విదేశీ ప్రీయాంప్ కొనడం. "ఒరేయ్, ఆగరా" అన్నాను. ఆ ఆగడంలోనుండి పుట్టినవే ఈ నాలుగు మాటలు.

నా వాదం ముందే చెప్పివేస్తాను. తప్పు వాద్యానిది కాదు. తక్కువ ధర పెట్టెది అంతకంటే కాదు. "బేస్" అని వ్రాసి ఉన్న నాబ్‌ను కుడివైపు చివరిదాకా తిప్పి వదిలివేసే చేతిది. ఆ చేతిని మెచ్చుకునే మన చెవిది.

ముందుగా నావంటి పండితులతో పేచీ. మిత్రుడొకరు, ఆయనా విశ్రాంత ఉపాధ్యాయులే, ఈ కథ విని "అది మన వాద్యం కాదు, తీసివేస్తే పీడా పోతుంది" అన్నారు. అయ్యా, మన వాద్యం కానిది ఏది? వాయులీనం ఎక్కడిది? 19వ శతాబ్దం తొలిరోజుల్లో బాలుస్వామి దీక్షితుల చేతికి వచ్చి, నేడు అది లేనిదే కచేరీ లేదన్నంతగా మనదైనది. హార్మోనియం ఎక్కడిది? పారిస్ నగరంలో రూపుదిద్దుకున్నది. ఆకాశవాణి దానిని 1940లో వెలివేసినది. ఆ వెలి సుమారు మూడు దశాబ్దాలు సాగినది. ఆ ముప్ఫై ఏళ్ళూ కృష్ణాజిల్లాలో పద్యనాటకం హార్మోనియం లేకుండా సాగినదా? సాగలేదు. వెలివేత వల్ల వాద్యం చావదు. దానిని సరిగా వాయించడం నేర్పేవారే కరవవుతారు.

అమెరికాలో లియో ఫెండర్ 1951లో అమ్మకానికి పెట్టిన ప్రెసిషన్ బేస్ గిటారు మన సినిమా పాటలోకి వచ్చి చాలా ఏళ్ళయినది. ఇళయరాజా స్వరపరచిన "గీతాంజలి" (1989) పాటలు ఒక్కసారి బేస్ గిటారు మీదనే చెవి నిలిపి వినండి. ఆ కింది తీగ పాట పొడుగునా నడుస్తూనే ఉంటుంది. అయినా పైన వేటూరి సుందరరామమూర్తి వ్రాసిన మాట ఒక్కటి కూడా చెడదు. వేటూరి మోపిదేవి మండలం పెదకళ్ళేపల్లిలో పుట్టినవారు. మా దివిసీమ దాపువారు. ఆయన మాటను ముంచని వాద్యం మా ఊరి పాటను ముంచుతున్నదంటే నేరం వాద్యానిదా?

ఇక పెట్టెల సంగతి. ప్రీయాంప్ అంటే ఏమిటో ఎరుగని పెద్దలకోసం రెండు మాటలు. గిటారు తీగల కింద అయస్కాంతమూ, దానిచుట్టూ సన్నని రాగితీగ చుట్టా ఉంటాయి. తీగ కదిలితే ఆ చుట్టలో అల్పమైన విద్యుత్తు పుడుతుంది. దానిని పెద్ద యాంప్లిఫయరుకు అందించేముందు కొంత పెంచి, మందరాన్నీ మధ్యమాన్నీ తారాన్నీ కావలసినంత తగ్గించీ హెచ్చించీ తీర్చిదిద్దే ముందుపెట్టె ప్రీయాంప్. పెద్ద యాంప్లిఫయరు బలం ఇస్తుంది. ముందుపెట్టె గుణం ఇస్తుంది.

"అప్పు చేయవద్దు. పాతవి, చౌకవి మూడు తీసుకొని రా, చూద్దాము" అన్నాను. వాడు తెచ్చాడు.

మొదటిది గుడివాడలో మైకుసెట్ల వ్యాపారం మానుకున్న ఒకాయన వద్ద తూకపు ధరకు దొరికిన వాల్వుల యాంప్లిఫయరు. ఎనిమిది వందలు. లోపల బెంగుళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వారి ముద్ర ఉన్న ఈసీసీ 83 వాల్వు ఉన్నది. ఆ ముద్ర మా జిల్లాకు పరాయిది కాదు. 1926లో బందరులో పుట్టిన ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ 1983లో ఆ సంస్థలోనే కలిసినది. అయితే బందరులో తయారయ్యేవి కంటికి సంబంధించిన పరికరాలు, చెవికి సంబంధించినవి కావు. ఈ పెట్టెతో ఒక హెచ్చరిక: లోపల 250 వోల్టులకు పైబడి ఉంటుంది. ప్లగ్గు పీకిన తరువాత కూడా కండెన్సర్లలో కొంతసేపు నిలిచి ఉంటుంది. స్పీకరు తగిలించకుండా స్విచ్చి వేస్తే ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవచ్చును. తెలిసినవారి చేతనే విప్పించాలి.

రెండవది కోఠి గుజరాతీ గల్లీలో పాతసామానుగా దొరికిన జపాను ఈక్వలైజరు పెడలు, 1980ల నాటిది. ఏడు జారుడు మీటలు. పదిహేను వందలు. మూడవది మీలో చాలామంది ఎరిగినదే. క్యాసెట్ల రోజుల్లో ప్రతి పట్నంలోనూ రేడియో మెకానిక్కులు టేపు డెక్కులు సొంతంగా కూర్చి అమ్మేవారు గదా, అటువంటి డెక్కులోని ప్రీయాంప్ బోర్డు. 4558 అనే ఐసీ, బేస్ నాబ్ ఒకటి, ట్రెబుల్ నాబ్ ఒకటి. డబ్బాతో, ట్రాన్స్‌ఫార్మరుతో కలిపి నూట యాభై రూపాయలు.

ఈ మూడవదాని వెనుక ఉన్న వంశవృక్షం చెప్పకుండా ఉండలేను. బేస్, ట్రెబుల్ విడివిడిగా హెచ్చించే, తగ్గించే ఈ కూర్పును పీటర్ బాక్సండాల్ అనే ఆంగ్ల ఇంజనీరు 1952 అక్టోబరు "వైర్‌లెస్ వరల్డ్" పత్రికలో పటంతో సహా ప్రకటించాడు. నాటినుండి లోకంలో లెక్కలేనన్ని పెట్టెలలో అదే కూర్పు, లేదా దాని సంతానం. వేలు పోసి కొనే పెట్టెలో కూడా తరచుగా ఆ పత్రిక పుటే ఉంటుంది. గొప్ప విద్య చౌకగా దొరికినంత మాత్రాన చౌకబారుది కాదు. పెద్దబాలశిక్ష ధర ఎంత?

మా వసారాలో మూడింటినీ వరుసగా పెట్టాము. నేను గోడవైపు తిరిగి కూర్చున్నాను. వాడు ఏ పెట్టెలో తగిలించాడో చెప్పకుండా ఒకే నడకను మళ్ళీ మళ్ళీ వాయించాడు.

వాల్వు పెట్టె నాదం గుండ్రంగా, వెచ్చగా ఉన్నది, ఒప్పుకుంటాను. దానితోపాటు ఒక మూలుగు కూడా ఉన్నది. మన ఇళ్ళ కరెంటు సెకనుకు 50 మార్లు ఊగుతుంది. బేస్ గిటారు లావు తీగ మీద మూడవ మెట్టు స్వరం సెకనుకు 49 కంపనాలు. ఆ స్వరం మీద వాడు నిలిచినప్పుడు ఈ రెండూ కలిసి సెకనుకొక అలగా ఊయల ఊగినవి. ఎండిపోయిన పాత కండెన్సర్లు రెండు మార్పిస్తే మూలుగు చాలవరకు అణగినది. డెక్కు బోర్డుతో మొదట నాదం మొద్దుబారి, గోనెసంచి కప్పినట్లు ఉన్నది. కారణం వాడే కనిపెట్టాడు. గిటారు చుట్ట బలహీనమైన దాత. దాని ముందు కూర్చున్న బోర్డు ఎక్కువ లాగుకొంటే పై స్వరాలు వడలిపోతాయి. పువ్వు నలగకుండా తేనె తీసుకునే తుమ్మెదవంటి గ్రహీత కావాలి. బీఎఫ్‌డబ్ల్యు 10 అనే ఎఫ్ఈటీ ఒకటి, రెసిస్టర్లు మూడు నాలుగు తెచ్చి బోర్డుకు ముందు అతికించాడు. కొద్ది రూపాయల ఖర్చు. గోనెసంచి తొలగిపోయినది.

అటు తరువాత జరిగినదే నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట. మూడు పెట్టెలలోనూ నాబ్‌లు సమంగా సర్దిన తరువాత, ఏది ఏ పెట్టో గోడవైపు తిరిగిన నేను నికరంగా చెప్పలేకపోయాను. వాయించేవాడినే గోడవైపు తిప్పి, మరో అబ్బాయిచేత వాయింపించినా వాడూ తడబడ్డాడు. కానీ నాబ్‌లు ఎక్కడ ఉన్నవో మాత్రం ఇద్దరమూ ప్రతిసారీ చెప్పగలిగాము. పెట్టెల నడుమ భేదం జుట్టెడు. చేతుల నడుమ భేదం మూరెడు. ఇరవైవేల అప్పు ఏ భేదం కొనడానికి?

ఇంకొకటి కూడా కనబడినది. జపాను పెడలు వాడి చేతికి ఇస్తే అలవాటుగా అటు చివరి మీటలు, ఇటు చివరి మీటలు పైకి తోసి, నడిమివి కిందికి లాగాడు. చూడడానికి నవ్వు ముఖంలాగా ఉన్నది. ఒంటరిగా వాయిస్తే ఎంత సొగసు! దుకాణాలలో పెట్టెలు అమ్ముడయ్యేది ఈ నవ్వుతోనే. ఆ నవ్వు పదిమందిలో చెల్లదు. కీబోర్డు, డోలకు, పదిమంది గొంతులు చేరగానే బేస్ స్వరం ఏదో తెలియకుండా పోయి, ఒట్టి అదురు మిగులుతుంది. ఎందుకంటే స్వరాన్ని గుర్తుపట్టించేది అట్టడుగున ఉన్న 41 కంపనాల మూలం కాదు, దాని పైమెట్లు. మన పల్లె స్పీకరు డబ్బాలు 41ని సరిగా పలకనే పలకవు. 82, 123 అని పైమెట్లు వింటే చెవి మూలాన్ని తానే ఊహించుకుంటుంది. నడిమి మీటలు దించి ఆ పైమెట్లను చంపుకున్న వాద్యకారుడికి తన స్వరం తనకే వినబడదు. వినబడక వాల్యూము పెంచుతాడు. పెంచినకొద్దీ పెరిగేది అదురే. ఆ అదురు కింద పడి నలిగేది గాయకుడి మాట.

వాడి మీటలు తలక్రిందులు చేయించాను. అడుగు కొంచెం దించి, 250 దగ్గర ఉండే గుంజును బాగా తీసివేసి, 700, 800 దగ్గర కొంచెం ఎత్తి ఇచ్చాము. వెంటనే వాడు అన్న మాట: "మాస్టారూ, వాల్యూము సగం చేసినా నాకు వినబడుతున్నానండీ!" ఆ సగంలోనే కీర్తనకు చోటు దొరికినది.

ఈ మాట చెవిమాటగా మిగలకూడదని బడిపంతులు పరీక్ష ఒకటి పెట్టాను. సాయంత్రం నా దగ్గరకు పాఠం చెప్పించుకోవడానికి వచ్చే పదవ తరగతి పిల్లలను వాకిట్లో, స్పీకరుకు దూరంగా కూర్చోబెట్టి పలకరింపు లేకుండా కాగితాలు ఇచ్చాను. లోపల ఒక పిల్ల ఇరవై తెలుగు మాటలు రాగం మీద పాడుతుంది. శిష్యుడు బేస్ వాయిస్తూ ఉంటాడు. వీళ్ళు విన్నది విన్నట్లు వ్రాయాలి. ఉక్తలేఖనమే, కొత్తదేమీ కాదు. నవ్వు ముఖంతో, పూర్తి బేస్‌తో వాయించినప్పుడు తరగతిలో మొదటి పిల్లకు కూడా సగం మాటలు దక్కలేదు. "కోట" అన్నచోట "గోడ" వ్రాసినవారు ముగ్గురు. సర్దిన తరువాత వేరే ఇరవై మాటలు పాడించాము. అదే పెట్టె, అదే గొంతు. మందకొడి పిల్లవాడు కూడా రెండు మూడు తప్పులతో బయటపడ్డాడు.

ఆ కాగితాలు దిద్దుతూ ఉండగా నాకు బాలవ్యాకరణం గుర్తుకు వచ్చినది. పిల్లలు వ్రాసిన తప్పులన్నీ ఒకే జాతివి. క, చ, ట, త, ప పోయి గ, జ, డ, ద, బ వచ్చినవి. పరుషాలు సరళాలైనవి! ద్రుతం మీది పరుషానికి సరళం వస్తుందని పరవస్తు చిన్నయసూరి చెప్పాడు. "పూచెను + కలువలు" కలిసి "పూచెను గలువలు" అవుతుంది. ద్రుతమంటే నకారం. నకారం పలికేటప్పుడు గొంతులో మోగే నాదం వెనుకనున్న కకారంలోకి ప్రవహించి దానిని గకారం చేస్తుంది. పరుషం పరుషంగా ఉండాలంటే దానిముందు ఒక రెప్పపాటు నిశ్శబ్దం ఉండాలి. క, త, ప పలికేముందు నోరు మూసుకుపోయి, గొంతు ఆగి, ఆ తరువాత గాలి చిట్లుతుంది. ఆ రెప్పపాటు నిశ్శబ్దాన్ని బేస్ మోత నింపివేసినదనుకోండి. గొంతు మోగుతూనే ఉన్నదని చెవి భ్రమిస్తుంది. పరుషాన్ని సరళంగా వింటుంది. అంటే ఏమన్నమాట? పూర్తిగా తిప్పిన బేస్ నాబ్ పాటలోని ప్రతి పదం చివరా ఒక ద్రుతాన్ని తగిలిస్తున్నది. సూత్రం లేదు, నిమిత్తం లేదు, వికల్పం లేదు, అంతటా నిత్యమే. చిన్నయసూరి చెప్పని ఈ సరళాదేశానికి కర్త మైకుసెట్టు.

"బేస్ లేకపోతే గొంతుకు నిండుదనం ఏది?" అని కొందరు అడుగుతారు. టెలిఫోను సంగతి చూడండి. పాత టెలిఫోను తీగ 300 నుండి 3400 కంపనాల దాకా మాత్రమే మోసుకుపోయేది. మగవాడి గొంతు మూలస్వరం 100, 150 దగ్గర ఉంటుంది. అది ఆ తీగ మీద ఎక్కనే ఎక్కదు. అయినా దూరదేశంలోని కొడుకు మాట తల్లికి అక్షరం పొల్లుపోకుండా చేరినది. మాట ఉండే చోటు అది. వెనకటి గొట్టపు లౌడుస్పీకర్లూ అటువంటివే. వాటిలో బేస్ లేదు. కొంత గరుకు ఉన్నది. కానీ "పాండవోద్యోగ విజయాలు" ఆడుతూ ఉంటే పొలం గట్టుమీద నిలబడినవాడికి పద్యం పద్యంగా వినబడేది. ఆ పద్యాలు కట్టిన జంటకవులలో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు బందరు హిందూ హైస్కూలులో తెలుగు చెప్పినవారు. ఆయన శిష్యపరంపర నేలమీద నేడు ప, బ భేదం చెరిగిపోతున్నది.

పల్లపు నాదం బలిస్తే మెరక నాదాన్ని ముంచుతుంది. మెరక నాదం పల్లాన్ని అంతగా ముంచలేదు. ఇది చెవి నిర్మాణం. డెల్టా శివారు రైతుకు ఈ మాట వేరే చెప్పనక్కరలేదు. బంటుమిల్లి కాలువ కింద వ్యవసాయం చేసేవాడిని అడగండి: చేనుకు నీరు పెట్టడం విద్యా, నీరు తీయడం విద్యా? మురుగు తీయకుండా నీరు పెడితే పైరు కుళ్ళుతుంది. స్వరం తీర్చడమూ అంతే. చేతగానివాడు ప్రతి నాబ్‌నూ పెంచుతాడు. చేతనైనవాడు ఎక్కడ తీయాలో చూస్తాడు.

ఈ విద్య మనకు కొత్తది కూడా కాదు. మృదంగ విద్వాంసుడు కచేరీకి ముందు తొప్పి మూతమీద తడిపిన రవ్వముద్ద వేస్తాడు. ఎంత వేయాలో తూకం లేదు, చెవే తూకం. ఎక్కువైతే గొణుగుతుంది, తక్కువైతే పలచబడుతుంది. కచేరీ అయిన తరువాత గీకి తీసివేస్తాడు. ఆ రవ్వముద్ద మన బేస్ నాబ్. రవ్వ దొరికింది గదా అని కుంచెడు వేసే మృదంగ విద్వాంసుడిని మీరు చూశారా? శిక్షాశాస్త్రం అక్షరోచ్చారణకు ఒక పోలిక చెప్పినది: ఆడపులి తన పిల్లలను పంటితో పట్టుకొని పోయేటట్లు పలకాలట. జారిపడకూడదు, గాటు పడకూడదు. మైకుసెట్టు ముందు కూర్చున్న ప్రతివాడూ ఆ పులి దగ్గర పాఠం నేర్చుకోవాలి.

"గుండె అదరకపోతే జనం రారు" అనేది నిర్వాహకుల చివరి అస్త్రం. అయ్యా, అదరడానికి వచ్చే జనానికి పాట ఎందుకు? రోడ్డు చదునుచేసే యంత్రం చాలు. చట్టం ఉన్నదని ఊరుకుందామా? 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాసప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్లు హద్దు. రాత్రి పదినుండి ఉదయం ఆరుదాకా బహిరంగ ప్రదేశాల్లో లౌడుస్పీకరు కూడదు. పండుగలకు ఏడాదిలో పదిహేను రోజులకు మించకుండా అర్ధరాత్రిదాకా ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చును. మంచిదే. కానీ చట్టం మోతను కొలుస్తుంది, మాటను కొలవదు. మాటను కొలవవలసినవాళ్ళం మనమే.

ఇందులో మతం ప్రసక్తి లేదని కూడా చెప్పాలి. చర్చి కథ చెప్పాను గనుక గుడి కథ కూడా చెప్పడం న్యాయం. శ్రీరామనవమి పందిట్లో ఆర్కెస్ట్రావారితోపాటు మా శిష్యుడు వాయించాడు. తన వంతు తాను సర్దుకున్నాడు. కానీ సౌండుబాక్సుల అబ్బాయి నాబ్‌ల దరిదాపులకు ఎవరినీ రానీయలేదు. నేను వెళ్ళి "బాబూ, గాయకుడి మైకులో బేస్ కొంచెం తగ్గించు" అని బతిమాలాను. "మీకు తెలీదు తాతగారూ, కమిటీవాళ్ళు ఇలాగే పెట్టమన్నారు" అన్నాడు. ఆ రాత్రి సీతమ్మ కల్యాణం ఆసాంతం సరళాదేశంతోనే జరిగినది. ఆ అబ్బాయిని నేను తప్పుపట్టను. వాడు కూలికి వచ్చినవాడు. చెప్పినవారు ముందువరుసలో కుర్చీలు వేసుకొని కూర్చున్నారు; వినలేనివారు వెనుక చాపలమీద ఉన్నారు.

ఈస్టరు వేకువ ఆరాధనకు చర్చిలో నూట యాభై రూపాయల డెక్కు బోర్డుతోనే వాయించాడు. నేను మళ్ళీ వెనుక వరుసలో, ఆ ముసలాయన పక్కన కూర్చున్నాను. మూడవ కీర్తనకు ఆయన పెదవులు కదలడం మొదలైనవి. తరువాత గొంతు కూడా కలిపాడు. బయటికి వస్తూ "ఈసారి గాలం తగల్లేదండీ" అన్నాడు. సంఘపెద్దలు గిటారు మానిపించే మాట వచ్చే క్రిస్మసుదాకా వాయిదా వేశారు. మానలేదు, వాయిదా వేశారు. అప్పు మాత్రం తప్పినది.

కమిటీల పెద్దలకు నా విన్నపం ఒక్కటే. ఈసారి పండుగకు కొత్త పెట్టెలు కొనకండి. పాతవి పారవేయకండి. ఒక కాగితం, ఒక పెన్సిలు తీసుకొని ఆఖరి వరుసలో చాపమీద కూర్చోండి. పాడుతున్న పాట వ్రాయండి. మీరు వ్రాసినదాన్ని పాడినవారిచేత దిద్దించండి. పదికి ఎన్ని మార్కులు వస్తాయో చూసుకొని, ఆ తరువాత వాద్యాన్ని వెలివేయాలో, నాబ్‌ను వెనక్కు తిప్పాలో మీరే తేల్చండి.

స్వస్తి.